కొత్త పెట్టకముందు

పప్పు పొంగుకొచ్చేసరికి లింగక్క గరిటె వెనకతో మూత పక్కకు నెట్టి, రెండో చేత్తో బొబ్బెరకాయల తట్ట ముందుకు లాక్కుంది. తెల్లారకముందు మొదలైన వాన వంటింటి రేకుల మీద ఒకటే మోత. మరాఠీ రాష్ట్రపు సరిహద్దులోని సిరొంచ ఆడపిల్లల హాస్టల్లో అరవైమంది తిని కాలేజీకి పోవాలి. సాయానికి వచ్చే ఎల్లక్క ఇంకా ఉల్లిగడ్డల దగ్గరే కూర్చుని ముక్కు చీదుతోంది.

"చూడు, ఎంత లేతగున్నయో. ఇయ్యాల గిట్ల తినకపోతివో చెప్త నీ సంగతి" అంది లింగక్క.

అన్నది ఎల్లక్కతో కాదు, మూలనున్న బియ్యం బస్తా మీద కూర్చున్న రేష్మతో. ఆ పిల్ల తల ఎత్తలేదు. ఒళ్లో ఫిజిక్స్ పుస్తకం. పెదాలు కదులుతున్నాయి కానీ మాట బయటికి రావడం లేదు. ఒక లైను చదవడం, కళ్లు మూసుకోవడం, మళ్లీ అదే లైనుకు రావడం. గదిలో మిగతా పిల్లలు గట్టిగా చదువుతుంటే తనకు వచ్చిన ముక్క కూడా పోతోందని రోజూ పొద్దున్నే వంటింట్లోకి వచ్చి కూర్చుంటుంది.

రేష్మది ఏటపల్లి అవతల అడవిలో ఊరు. ఆశ్రమశాలలో పదో తరగతి దాకా మరాఠీలో చదివింది. ఎనభై శాతం దాటితే మెడలో దండ వేసి ఫోటో తీశారు. ఆ ఫోటో చూసి ఊరంతా సైన్సే తీసుకొమ్మంది. అడ్మిషన్లు ఆలస్యమై వానాకాలం నడుమ పదకొండో తరగతి మొదలైంది. పుస్తకాలన్నీ ఇంగ్లీషు. ఇంట్లో గోండి, అంగట్లో తెలుగు, బడిలో మరాఠీ అంటూ మూడు భాషల్లో నెట్టుకొచ్చిన పిల్లకు నాలుగోది గొంతులో ముల్లులా అడ్డం పడింది. రాత్రుళ్లు నిద్ర పట్టదు. పొద్దస్తమానం తలనొప్పి. పోయిన వారం ల్యాబులో కళ్లు తిరిగి పడిపోతే డాక్టరు నెత్తురు తక్కువుందని మాత్రలిచ్చి, "టెన్షన్ తీసుకోకు" అన్నాడట. గృహపాల్ మేడమ్ కూడా అదే మాట అంది. హాస్టల్ బాధ్యతంతా ఆమెదే కదా, ఏదో ఒకటి అనాలి. వద్దంటే మానేయడానికి టెన్షనేమన్నా చాయ్ తాగే అలవాటా అని లింగక్కకు ఒళ్లు మండింది.

లింగక్కకు యాభై దగ్గరపడుతున్నాయి. పొట్టి మనిషి, గట్టి మనిషి. ముంజేతుల నిండా గంజి చింది కాలిన మచ్చలు. తడిలో నాని నాని కాలివేళ్ల సందులు తెల్లగా పాచిపోయాయి. మోకాళ్లు అరిగినా పీట మీద కూర్చోదు. కూర్చుంటే లేవడం పెద్ద పని. ఆమెదీ ఏటపల్లి వైపే. ఈ హాస్టల్లో కాపలా పని చేసే గణపతిని చేసుకుని, పదిహేనేళ్ల వయసులో గోదావరి ఒడ్డుకొచ్చింది. అతను జ్వరమొచ్చి పోయాక ఈ పొయ్యి ఆమెకు మిగిలింది. ఒక్క కూతురిని నాగేపల్లిలో ఇచ్చింది. పిల్లలంతా ఆమెను మరాఠీలో "మావ్‌శీ" అంటారు, పిన్నీ అన్నట్టు. ఏ ఊరినుంచి వచ్చిందో తెలిశాక రేష్మ ఒక్కతే "పెద్దమ్మా" అనడం మొదలుపెట్టింది.

ఆ పిలుపే ఆమెను పట్టుకుంది. ఏటేటా అటువైపు నుంచి వచ్చిన పిల్ల ఎవరో ఒకరు దీపావళి దాకా కూడా నిలవకుండా పోతారు. పెట్టె సర్దుకుంటుంటే చూస్తూ నిలబడటం తప్ప ఇన్నేళ్లూ లింగక్క చేసిందేమీ లేదు. ఈసారి మాత్రం ఈ పిల్ల పోగూడదని పంతం పట్టింది. చదువు చెప్పడం రాదు, ఇంగ్లీషు అసలే రాదు. కడుపు నిండా పెట్టడం ఒక్కటే ఆమె చేతిలో ఉంది. ఆ ఒక్కటీ సాగడం లేదన్నదే ఆమె మంట.

కంచాల ముందు పిల్లలు వరసగా కూర్చున్నారు. లింగక్క రేష్మ కంచంలో అందరికంటే రెండు గరిటెలు ఎక్కువే వేసింది. తిరిగొచ్చి చూస్తే అన్నం సగం, పప్పునీళ్లు సగం పోయాయి. బొబ్బెరకాయ కూర వేసింది వేసినట్టే కంచం అంచున గట్టు కట్టి ఉంది. పోయిన వారం దోసకాయనూ అట్లాగే వదిలేసింది. అంతకుముందు బీరకాయా అంతే. ఆలుగడ్డ వండిన రోజు మాత్రం తిన్నది. వచ్చి నెల కాకముందే పట్నం నాలుక వచ్చిందన్నమాట! అరవైమందికి వండి, అందులో ఒక్క కంచం కోసం ప్రాణం కొట్టుకుంటుంటే ఆ కంచమే వెక్కిరిస్తోంది.

"నీ కోసమని నువ్వులపొడి ఏసిన. ఒక్క బుక్క తింటే నీ సొమ్మేం పోతది?"

"వద్దు పెద్దమ్మా" అంది రేష్మ, లేచి చేయి కడుక్కుంటూ. మెడ మీద నరం కొట్టుకుంటోంది.

లింగక్కకు ఇక కోపం ఆగలేదు. ఆ కంచం అట్లాగే పట్టుకుని మేడమ్ గదికి పోయి బల్ల మీద టప్పున పెట్టింది. "జర చూడుండ్రి మేడమ్. రోజూ గిదే కథ. నేను చెప్తే ఇంటలేదు. మీరన్న గట్టిగ చెప్పుండ్రి."

మేడమ్ కంచం వైపు చూసి నుదురు రుద్దుకుంది. "మొన్ననే పడిపోయింది. మల్ల పడితే నేనేం చెప్పాలె లింగక్కా? నేనే తిండి పెడ్తలేనంటరు. వాళ్ల నాయనకు ఫోన్ చేస్త. కొన్నాళ్లు ఇంటికి తీస్కపోనీ."

"ఇంటికెందుకు మేడమ్..." లింగక్క మాట పూర్తి కాకముందే ఆమె ఫోన్ చెవిన పెట్టుకుంది. తనకేమీ తెలియనట్టు లింగక్క కంచం తీసుకుని బయటికొచ్చింది. తిడితే తింటుందనుకుంది కానీ ఇంటికి పంపుతారనుకోలేదు. నాయనకు ఫోన్ కలవకపోతే బాగుండునని మనసులో మొక్కుకుంది. అడవిలో సిగ్నల్ సరిగా ఉండకపోవడం మేలని ఆమెకు ఆ రోజే తోచింది.

మధ్యాహ్నం ఎండ కాసేపు కాసింది. రేష్మ తలనొప్పని కాలేజీ నుంచి ముందే వచ్చేసి, వంటింటి గడప మీద కూర్చుంది. సార్ ఏదో అడిగితే నిలబడిందట, నోరు పెగల్లేదట. సార్ తిట్టలేదు, కూర్చోమన్నాడు అంతే. ఆ కూర్చోమనడమే ఇంకా కష్టంగా ఉందంది.

లింగక్క గిన్నెలో అన్నం, కూర తెచ్చి పక్కన కూర్చుంది. మోకాళ్లు కలుక్కుమన్నాయి. అన్నంలో కూర కలిపి ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. "ఆ... అను. చిన్నపిల్లకు పెట్టినట్ల పెడ్తున్న. ఇగ అలగకు బిడ్డా."

రేష్మ మొహం పక్కకు తిప్పుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అలగలే పెద్దమ్మా. మా ఊర్ల ఇంకా కొత్త పెట్టలే."

లింగక్క చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

వాళ్ల వైపు ఊళ్లలో వానాకాలం కాసిన ఏ కొత్త కాయైనా, ఏ కొత్త గింజైనా ముందు ఊరి దేవతల ముందు పెట్టాలి. కోడిని కోసి, ఊరంతా ఒకచోట కూర్చుని తలా ఇంత తిన్నాకే ఎవరింట్లోనైనా కొత్త వండుకోవాలి. అంతదాకా పోయినేటిదే తిండి. చిన్నప్పుడు చేనులో దోసకాయ కొరికితే తల్లి చెంప మీద కొట్టి ఉమ్మించిన సంగతి లింగక్కకు అప్పుడు గుర్తొచ్చింది. సిరొంచకు వచ్చిన మొదటి ఏడు, "ఈడ కొత్త ఎప్పుడు పెడ్తరు?" అని గణపతిని అడిగింది. అతను నవ్వి, "అంగట్లకు వచ్చిన్నాడే కొత్త" అన్నాడు. ఆ మరునాడు వండి తిన్నది. ఏమీ కాలేదు. తర్వాత ఎప్పుడూ అడగలేదు.

"మరి నాకొక్క మాట చెప్పొద్దా?" గొంతు దానంతటదే లేచింది. "పోయినేటి పప్పుంది, చింతపండుంది, ఎండుచేపలున్నయి. ఏదో ఒకటి చేసిపెట్టకపోదునా? రోజూ నాతోని తిట్లు తినుకుంట కూసుంటివి!"

"నీకెరికే అనుకున్న. నువ్వు మా దిక్కుదానివే గద" అంది రేష్మ. "నవ్వుతరని ఎవ్వలకు చెప్పలే. ఈడ నాకేం రాదు పెద్దమ్మా. సార్ అడిగింది రాదు. లెక్క రాదు. పక్కపిల్ల నవ్వితే ఎందుకు నవ్విందో తెల్వది. గిదొక్కటే తప్పు లేకుంట చేస్తున్న. గిదన్న చెయ్యనీ."

లింగక్క ముద్దను గిన్నెలో వేసి, ఎల్లక్కను పిలిచి ఎండుచేపలు కాల్చమంది. రేష్మ ఆ రోజు కంచం నాకినట్టు తిన్నది. తిని, బస్తా మీద కూర్చుని పుస్తకం తెరిచింది. కాసేపటికి గోడకు ఆనుకుని నిద్రపోయింది. వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల పగలు నిద్రపోవడం లింగక్క చూడటం అదే మొదలు. తలుపు దగ్గరగా వేసి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మేడమ్ గదికి ఉరికింది.

"మేడమ్, పిల్ల తిన్నది. ఇగ తింటది. వాళ్ల నాయన్ను రావద్దని చెప్పుండ్రి."

"పొద్దున్నే బయలెల్లిండట. ఇప్పుడు ఫోన్ కలుస్తలేదు" అంది మేడమ్, ఫోన్ చూపిస్తూ.

పొద్దుగూకుతుండగా రేష్మ తండ్రి జంగు వచ్చాడు. ఎవరి బండో అడిగి తెచ్చుకున్నాడు. మోకాళ్ల దాకా ఎర్ర బురద, తల మీద సిమెంటు సంచి కప్పుకున్నాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టి చూసి, "మస్తు చిక్కినవ్" అన్నాడు. లింగక్క పచ్చిపులుసు పోసి అన్నం పెడితే గడపలో కూర్చుని తిన్నాడు.

"పిల్లకు ఇగ మంచిగైతది" అంది లింగక్క. "సోమవారం పరీక్ష ఉన్నదట. ఉండనియ్యి జంగు. నేను చూస్కుంట."

"అన్నం తింటలేదని వంటామె చెప్పిందట గద, మేడమ్ ఫోన్ల చెప్పింది" అన్నాడు జంగు. అతని గొంతులో నిష్ఠూరమేమీ లేదు. "కొత్త పెట్టినంక తోలిస్త."

సంచీ భుజాన వేసుకుని నిలబడ్డ రేష్మ అప్పుడు లింగక్క వైపు చూసింది.

"నువ్వే చెప్పినవా?"

"చెప్పిన బిడ్డా. తెల్వక చెప్పిన."

రేష్మ తలూపింది. కోపంగా లేదు. ఉంటే నయమనిపించింది లింగక్కకు. సార్ కూర్చోమంటే కూర్చున్నట్టే ఆ పిల్ల వెళ్లి బండి వెనక కూర్చుంది. సిమెంటు సంచిని నాయన ఆమె తల మీద కప్పాడు. గేటు దగ్గర గుంతలో బండి ఒకసారి కుంగి, లేచి, వాళ్ల ఊరి వైపు పోయే ఆలాపల్లి రోడ్డు ఎక్కింది. కొన్నాళ్లని చెప్పి పోయిన పిల్లలు తిరిగొచ్చి పెట్టె దించుకున్న రోజు ఏదన్నా ఉందా అని లింగక్క గుర్తు చేసుకోబోయింది. ఒక్క మొహం కూడా గుర్తు రాలేదు. చేతిలో చీపురు ఉంటే దాన్ని గోడకేసి కొట్టింది.

పిల్లలకు వడ్డించాక ఆమె, ఎల్లక్క తినడానికి కూర్చున్నారు. లింగక్క అన్నంలో చింతపండు పిసుక్కుని ఉప్పు చల్లుకుంది.

"కూర ఏస్కోవా? గంత మిగిలింది" అంది ఎల్లక్క.

"ఇంకా కొత్త పెట్టలే."

"ఎవలు? ఏడ?" ఎల్లక్క నవ్వింది. లింగక్క తినేసి, కంచం కడిగి, రేపటికి బియ్యం తీయడానికి మూలకు పోయింది.

బస్తా మీద ఫిజిక్స్ పుస్తకం ఉంది. మరిచిపోయిందో, వచ్చి తీసుకుందామనుకుందో, ఇక అక్కర్లేదనుకుందో ఆమెకు తెలియలేదు. తడిచేతులు కొంగుకు రెండుసార్లు తుడుచుకుని దాన్ని తెరిచింది. మొదటి పాఠం అయిపోవడానికి ఇంకా రెండు మూడు పేజీలు ఉన్నాయనగా, చదివిన చోట గుర్తుకు పెట్టిన ఎండు తునికాకు ఒకటి ఉంది.