బుట్టలోని గొంతు

నేను ఒక చీపురును. నాకు పుల్లలు లేవు, పిడి లేదు. కంప్యూటరు లోపల పేరుకున్న చెత్త ఊడ్చి, దాని నడక వేగం చేయడానికి పుట్టిన సాఫ్ట్‌వేర్‌ను. నన్ను చేసినవాళ్లు ఏదో గొప్ప పేరే పెట్టారు గానీ దాన్ని నోరారా పలికినవాళ్లు లేరు. పెన్‌డ్రైవ్‌లో చేతులు మారి మారి, చివరికి పాలకొండ బస్టాండు పక్కన తవిటయ్య మైకుసెట్టు కొట్టుకు చేరాను. ఆటోల్లో తిరిగి సరుకు అమ్ముకునేవాళ్లకు కేకలు రికార్డు చేసి ఇవ్వడం అతని పని. నన్ను చీపురన్నది అతనే.

నేను బాగా పనిచేసినంత కాలం నన్నెవరూ తలుచుకోరు. కంప్యూటరు మొరాయిస్తేనే గుర్తొస్తాను. పనీపాటా లేకుండా మెమరీలో కూర్చున్నవాటిని లేపి పంపేస్తాను. ఎవరూ అడగని ఫైళ్లను ఏరి "తీసెయ్యనా?" అంటాను. మనుషులు చిత్రమైనవాళ్లు. తెగిన రబ్బరు చెప్పు పారేయడానికి వారం ఆలోచిస్తారు. నా ప్రశ్నను మాత్రం చదవకుండానే సరే నొక్కేస్తారు.

ఒక వానాకాలం ఉదయం కూరగాయల ఆటో సన్యాసప్పడు వచ్చాడు. తల కూడా తుడుచుకోకుండా చిన్న మెమరీ కార్డు బల్ల మీద పెట్టాడు.

"తవిటన్నా, కార్డులోకి నీళ్లు దిగిపోనాయి. మా అసిరి కేక పలకట్లేదు. ఇంకోపాలి ఎక్కించియ్యి."

అసిరమ్మ అతని భార్య. కిందటేడు పోయింది. పోయినా, ఆమె గొంతు ఆటోలో రోజూ వంకాయలు అమ్ముతూనే ఉంది.

"దానికేటి బెంగ? బుట్టలో ఏసి దాసినాను కదేటి!" అన్నాడు తవిటయ్య.

విత్తనాలైనా, గుడ్లైనా, పోకూడనిది ఏదైనా తవిటయ్య ఇంట్లో బుట్టలో పెట్టి దూలానికి వేలాడదీస్తారు. తెర మీద బుట్ట బొమ్మ కనిపించేసరికి, దాచుకోవలసినవన్నీ అతను అందులోనే వేశాడు. నాకు మాత్రం బుట్ట అంటే పారేసేవి ఉండే చోటనే నేర్పారు. కిందటి వారం పెళ్లిపాటలకు చోటు చాలక నన్ను పిలిచాడు. బుట్ట ఖాళీ చెయ్యనా అని అడిగాను. సరే నొక్కాడు.

ఇప్పుడు బుట్ట తెరిచాడు. మూసి, మళ్లీ తెరిచాడు. కంప్యూటర్ల పని తెలిసినవాణ్ని పిలిచి వెతికించాడు. అసిరమ్మ ఉన్న చోట పెళ్లిపాటలు కూర్చుని ఉన్నాయి.

"తూకంలో మోసం నేదమ్మా అని నవ్వుతాది కదన్నా," అన్నాడు సన్యాసప్పడు. "ఆ నవ్వు ముక్కైనా నేదా?"

తవిటయ్య మైకు తెచ్చి అతని ముందు పెట్టాడు.

"నువ్వే సెప్పు. మాటలు నీకు తెలుసు కదా."

"నా గొంతింటే కాకరకాయలు తప్ప ఇంకేటీ కొనరన్నా."

అయినా చెప్పాడు. "వంకాయలమ్మా, లేత వంకాయలు! తూకంలో మోసం నేదమ్మా..." అక్కడ ఆగిపోయాడు. ఆమె నవ్వేంతసేపూ ఊరుకుని, బెండకాయల దగ్గర మళ్లీ అందుకున్నాడు. కేకల మధ్య ఖాళీ కనిపిస్తే కత్తిరించే తవిటయ్య ఆ ఖాళీని ముట్టుకోలేదు.

నన్నూ మళ్లీ ముట్టుకోలేదు. కంప్యూటరు నత్తలా పాకుతోంది. తెర మూల ఊరికే పడి ఉన్నాను. రోజూ పొద్దున్నే ఆ ఆటో కొట్టు ముందు నుంచి వెళుతుంది. ఆ ఖాళీ వచ్చేసరికి తవిటయ్య చెయ్యి మౌసు మీద ఆగిపోతుంది.

ఆ నవ్వు నా చేతుల మీదుగానే పోయింది. తెరిచి వినడం నాకు నేర్పలేదు. ఫైలు బరువెంతో చూశానంతే. చాలా తేలిక.