శుక్రవారం ‘ఓన్లీ’ కడగాలి

హలో, వినబడుతోందా అండీ? చేతిలో పని కాస్త పక్కన పెట్టండి, ఇంగ్లండులోని మా నార్తంబర్లాండ్ కబురొకటి చెప్తాను.

లావు లీకుల పోటీకి డోరీన్ కూడా వచ్చింది. క్లబ్బు హాల్లో బల్ల మీద ఆమె పెంచిన లీకులు తెల్లగా మెరుస్తున్నాయి. లీకంటే మన ఉల్లికాడకి పెద్దన్న అనుకోండి, మోచేతి కంటే లావు. పెళ్లాం పుట్టినరోజు మరిచిపోయే మగాళ్లు కూడా ఇక్కడ లీకులకి నీళ్లు పెట్టడం మరిచిపోరు. ఏటా కప్పు అలెక్ హెప్పుల్‌కే వెళ్తుంది. ఈసారి డోరీన్ లీకులే లావు. ఆ సంగతి అలెక్ కూడా చూశాడు.

“ఆగండాగండి!” అని అరిచాడు. “ఈవిడ ఈ పొద్దున పెరట్లో లీకులు కడుగుతుంటే నా కళ్లతో చూశాను. గోడ మీద రూలు చదవండి!”

గోడమీది బోర్డు మీద ‘లీక్స్ మే ఓన్లీ బి వాష్డ్ ఆన్ ఫ్రైడే’ అని ఉంది.

“శుక్రవారమే కడగాలి! ఇవాళ శనివారం. ఈవిడ అవుట్!”

“నీ మొహం!” అంది డోరీన్. “శుక్రవారం కడగడమే చెయ్యాలని దానర్థం. ఆ రోజు వేళ్లు కత్తిరించకూడదు, ఆకులు పీకకూడదు. శనివారం ఊసే లేదు అందులో!”

హాలంతా రెండుగా చీలింది. మనకైతే కావలసిన మాటకి ‘ఏ’ తగిలిస్తే సరి. వాళ్ల ఓన్లీ వాక్యం మధ్యలో కూర్చుని ఎటు చూస్తోందో చెప్పదు. తీర్పు చెప్పాల్సిన మేవిస్ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

“డోరీన్ మాటే నిజమైతే, నిన్న ఏమైనా కత్తిరించినవాళ్లు అవుటవుతారు. నువ్వేం చేశావు అలెక్?”

అలెక్‌కి రోషం వచ్చింది. “నేనా! ఐ ఓన్లీ వాష్డ్ దెమ్ ఆన్ ఫ్రైడే!”

“అంటే శుక్రవారమే కడిగావా, శుక్రవారం కడగడమే చేశావా?” డోరీన్ ముందుకి వచ్చేసింది.

“కడగడమే చేశాను! ఒక్క వేరు కూడా ముట్టుకోలేదు, ఒట్టు!”

“మరి నీ లీకుల కింద బల్లగుడ్డ తడిగా ఉందేం?”

అందరూ వంగి చూశారు. ఆకు చివర నుంచి చుక్క రాలింది. అలెక్ మెడ ఎర్రబడింది.

“అదా... దారిలో దుమ్ము పడిందని పొద్దున కాస్త...”

హాలంతా ఘొల్లున నవ్వింది. “నీ నోటితో నువ్వే చెప్పావుగా నాయనా, ఓన్లీ అంటే ఏమిటో!” అంది మేవిస్ కళ్లు తుడుచుకుంటూ. “ఇద్దరూ పోటీలో ఉన్నారు. టేపు తీసుకురండి!”

టేపు చుట్టారు.  అంకె చదవగానే డోరీన్ గాల్లోకి ఎగిరింది. కప్పు ఆమె చేతుల్లో పడింది.

అలెక్ గునుస్తూనే వచ్చి చెయ్యి కలిపాడు. “సరే, కప్పు నీదే డోరీన్. కానీ ఈ ఏడే!”

ఈసారి అతని ఓన్లీ మన ‘ఏ’ లాగే సరిగ్గా పడిందని అందరూ ఒప్పుకున్నారు.

మీ ఇంట్లో ఇంగ్లీషుతో కుస్తీ పట్టేవాళ్లుంటే ఈ కథ వాళ్లకి పంపండి. వాళ్లకే కాదు, అందరికీ పంపండి!