నేల తాకని ఐదో చక్రం

నేను ఒక స్టెప్నీని. కారుకు ఐదో చక్రాన్ని. డిక్కీలో పరిచిన పట్టా కింద, జాకీ పక్కన, ఊచలు విరిగిన గొడుగును మోస్తూ వెల్లకిలా పడి ఉండే నల్లటి వస్తువును. మీ కారులోనూ నాలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. ఉందని మీకు నమ్మకమే గాని, చివరిసారి ఎప్పుడు చూశారంటే మాత్రం గుర్తుండదు. మనుషుల నమ్మకాలు చాలావరకు ఇలాంటివే.

మేం ఐదుగురం ఒకే రోజు ఒకే అచ్చులో పుట్టాం, ఒకే వేడికి ఉడికాం. నలుగురిని కారు కింద బిగించి నన్ను డిక్కీలో పడేశారు. నేనేం తప్పు చేశానని అడగొద్దు. బిగించేవాడి చేతికి ఐదోసారి దొరికాను, అంతే. మీరు తలరాత అని పెద్ద మాట వాడతారే, దగ్గర నుంచి చూస్తే అది ఇంత చిన్నగా ఉంటుంది.

మొదట మమ్మల్ని కొన్నది ఏలూరులో ఒక బ్యాంకు మేనేజరు. సర్వీసు పుస్తకంలో రాసిన తేదీకి బండిని తీసుకెళ్ళేవాడు, నలుగురితో పాటు నాకూ గాలి చూపించేవాడు. అతని గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు. సరిగ్గా ఉండేవాళ్ళ కథలు రెండు మాటల్లో అయిపోతాయి.

నాలుగేళ్ళకు ఆయన బదిలీ అయి బండి అమ్మకానికి పెట్టాడు. కొనడానికి కైకలూరు నుంచి వచ్చినవాడి పేరు పుండరీకాక్షం. మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటు. బ్రోకరు చాలా తెలివైనవాడు. ఇంజను చూపించలేదు, తిన్నగా డిక్కీ తెరిచి నన్ను చూపించాడు.

“స్టెప్నీ చూడండి సార్. ఇంతవరకు నేల తాకలేదు. వెంట్రుకలు కూడా ఊడలేదు.”

కొత్త టైరు మీద సన్నగా రబ్బరు వెంట్రుకలు నిలబడి ఉంటాయి. నాలుగు రోజులు రోడ్డు మీద తిరిగితే అరిగిపోతాయి. నేను తిరగలేదు కాబట్టి నావి అలాగే ఉన్నాయి. పుండరీకాక్షం వాటిని వేలితో నిమిరి చూసి, ఇంజను మాట అడగకుండానే బేరం ఖాయం చేశాడు. ఇంట్లో వంటపాత్రలు సొట్టలు పోయినా అటక మీద కొత్త స్టీలు బిందె ఉంటే చాలనుకునే జాతి. ఆ బిందెను నేనయ్యాను.

ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కన్నా ముందు డిక్కీ తెరుచుకునేది. “సెకండు హ్యాండు అంటారు గాని, చూడండి, స్టెప్నీ నేల తాకలేదు” అనేవాడు. వచ్చినవాళ్ళు తలలూపేవారు. వాళ్ళలో ఒక్కడికైనా నన్ను వేలితో నొక్కి చూడాలనిపించలేదు. నిమరడానికి అందరూ ముందుకొస్తారు.

పోనీ బండి మీద ప్రేమ లేదా అంటే, పొంగి పొర్లేది. రోజూ పొద్దున్నే పసుపు గుడ్డతో పావుగంట తుడిచేవాడు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు పీకలేదు, ఎండాకాలంలో భార్య చీర వాటికి అతుక్కుపోయినా సరే. సర్వీసింగ్ అంటే అతని దృష్టిలో వాటర్ వాష్. నురగ బాగా వచ్చిందా లేదా, అదే లెక్క. ఇంజనాయిలు నల్లగా తారులా అయిందని మెకానిక్ చెబితే, “నల్లబడిందంటే పని చేస్తోందని కదయ్యా అర్థం” అన్నాడు. మెకానిక్ బీడీ వెలిగించుకున్నాడు. బ్రేకులు కిచకిచమంటుంటే డ్యాష్‌బోర్డు మీద కొత్త సెంటు సీసా పెట్టించాడు.

దసరాకి బండికి పూజ. నాలుగు టైర్లకూ బొట్లు పెట్టి, కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించేవాడు. ఆ ఇంట్లో నా బాగోగులు తలచుకున్నది ఒక్కరే, అతని భార్య హైమవతి. ఊళ్ళో ప్రైవేటు బళ్ళో లెక్కలు చెబుతుంది.

“డిక్కీలో దానికీ ఓ బొట్టు పెట్టనా అండీ? అదీ చక్రమే కదా” అంది మొదటి దసరాకి.

“అది చక్రమేంటే, స్పేరు” అన్నాడు పుండరీకాక్షం. హారతి పళ్ళెం నా దాకా రాలేదు.

బొట్టు లేకపోయినా బతకొచ్చు. గాలి లేకపోతే మాత్రం నేను ఎందుకూ పనికిరాను. ఊరి చివర పంచర్ల షాపు మీరావలిది. బండి వెళ్ళినప్పుడల్లా నాలుగింటికీ గాలి కొట్టి, డిక్కీ మీద చెయ్యి వేసి అడిగేవాడు.

“స్టెప్నీకి కూడా కొట్టెయ్యమంటారా సార్?”

“వాడందే గాలెక్కడికి పోతుందయ్యా?”

“కూర్చున్నా పోద్దండీ గాలి. నెలకింత, నెలకింత.”

“నాకు చెప్పకు. దాని వెంట్రుకే ఊడలేదు” అని అద్దం ఎత్తేసుకునేవాడు. ముందు సీట్లోంచి హైమవతి, “నిమిషం పనే కదండీ, కొట్టించండి” అనేది. అప్పటికే బండి కదిలి ఉండేది. ఇలా ఐదేళ్ళు.

ఆ ఐదేళ్ళూ పట్టా కింద పడి వాళ్ళ మాటలు వింటూ ఉన్నాను. అందుకే హైమవతి సంగతి నాకు తెలుసు. ఆవిడకి ప్రభుత్వ టీచరు కావాలని పెళ్ళికి ముందు నుంచీ కోరిక. డీఎస్సీ పరీక్ష ఒకసారి రాసి అరమార్కులో పోగొట్టుకుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి పరీక్షే పెట్టలేదు. పెట్టేసరికి ఆవిడకి నలభై నాలుగు దగ్గరపడ్డాయి. ఇంకో నాలుగు నెలల్లో వయోపరిమితి దాటిపోతుంది. ఇదే ఆఖరు అవకాశం అన్నట్టు చదివింది. కారులో ఎక్కడికి వెళ్ళినా ఒళ్ళో పుస్తకం ఉండేది. గొంతు తగ్గించి ఆవిడ వల్లెవేసే పాఠాలు నాకూ సగం వచ్చేశాయి.

పరీక్ష విజయవాడలో. తొమ్మిదికి గేటు మూస్తారు, నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు.

“ఐదున్నర బస్సుకి వెళ్ళిపోతానండీ. ఎనిమిదిన్నరకల్లా అక్కడుంటాను” అంది వారం ముందే.

“ఇంట్లో కారు పెట్టుకుని బస్సెక్కుతావా? నలుగురూ ఏమనుకుంటారు?”

“అయితే బండి ఓసారి మీరావలికి చూపించండి. ఆ వెనకదానికి గాలి కూడా.”

పుండరీకాక్షం తీసుకెళ్ళాడు. మీరావలి దగ్గరికి కాదు, వాటర్ వాష్‌కి.

పరీక్ష రోజు ఆవిడ ఐదింటికే తయారైంది. ఐదున్నర బస్సు హారన్ కొట్టుకుంటూ వీధి చివర నుంచి వెళ్ళడం ఇద్దరూ విన్నారు, నేనూ విన్నాను. పుండరీకాక్షం పంచాంగం మూసి, “ఆరూ పది దాకా వర్జ్యం ఉంది. అది పోయాక కదిలితే ఏ అడ్డూ ఉండదు” అన్నాడు. తర్వాత బండి తుడవడం, కొబ్బరికాయ కొట్టడం, నాలుగు నిమ్మకాయలు వెతికి తేవడం. ఆరున్నరకి కదిలాం.

గుడివాడ దాటాక ఎడమ వైపు ముందు చక్రంలో మేకు దిగింది. వాడు నా అన్న. వాణ్ణి నేనేమీ అనను. తొమ్మిదేళ్ళు రాళ్ళూ గుంటలూ వాడే మోశాడు, నున్నగా బోడిగుండు అయిపోయాడు. మార్చమని ఎవరు చెప్పినా యజమాని వినలేదు.

“కంగారు పడకు. మనకి కొత్త స్టెప్నీ ఉంది” అన్నాడు పుండరీకాక్షం. ఆ మాటకు నా రబ్బరు పులకరించిందంటే నమ్మండి. తొమ్మిదేళ్ళుగా ఎదురు చూసింది ఆ పిలుపు కోసమే. పైకి తీశాడు. తీసినవాడు ఊరుకోకుండా పసుపు గుడ్డతో నా ఒళ్ళంతా తుడిచాడు. “చూశావా హైమా, వెంట్రుక కూడా ఊడలేదు.” ఆవిడ గడియారం చూసుకుంటోంది.

నట్లు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. పానా మీద ఎక్కి తొక్కాడు, ఏ వైపు తిప్పాలో తెలియక బిగించాడు, మళ్ళీ తొక్కాడు. ఇరవై నిమిషాలు పోయాయి. చివరికి నన్ను బిగించాడు. బరువు పడనంతసేపు గాలి లేని టైరు కూడా నిండుగానే కనిపిస్తుంది. మనుషుల్లోనూ అలాంటివాళ్ళు ఆఫీసుల నిండా ఉన్నారు.

“ఇంకా టైముంది. పోనీలెండి, అందుకుంటాం” అంది హైమవతి.

జాకీ దించాడు. నేను నేలను తాకాను. బతుకులో మొదటిసారి. తాకి, అలాగే చతికిలబడిపోయాను. రిమ్ము పోయి రోడ్డుకి ఆనింది.

ఇంతవరకు పుండరీకాక్షాన్ని ఎద్దేవా చేస్తూ వచ్చాను. ఆ క్షణంలో మాత్రం నా మీద నాకే అసహ్యం వేసింది. ఆవిడ నా వైపు చూసిన చూపులో కోపం ఉంటే భరించేవాణ్ణి. కోపం లేదు. ఇలాగే అవుతుందని ఎప్పటి నుంచో తెలిసినవాళ్ళు చూసే చూపు అది. హాల్ టికెట్ ఉన్న సంచీ భుజాన వేసుకుని రోడ్డు మధ్యకి వెళ్ళి చెయ్యి అడ్డం పెట్టింది.

కైకలూరు నుంచి మా వెనకాల బయల్దేరిన బస్సు ఆగకుండానే వెళ్ళిపోయింది, జనం తలుపు దాకా వేలాడుతున్నారు. రెండు కార్లు పోయాయి, లోపలివాళ్ళు మెడ తిప్పి చూశారు. చివరికి కొల్లేటి చేపల వ్యాను ఆగింది. డ్రైవరు పక్క సీటు మీది తువ్వాలు తీసి, “ఎక్కండమ్మా, వాసనకేం అనుకోకండి” అన్నాడు. ఆవిడ ఎక్కింది. పుండరీకాక్షం ఆ వ్యాను వెనకాల నాలుగడుగులు పరిగెత్తి, “వాటర్ బాటిలు!” అని అరిచాడు.

దారిన పోయే ఎవరిదో మోటారు సైకిలు మీద అన్నను గుడివాడ తీసుకెళ్ళి పంచరు వేయించి, మళ్ళీ బిగించి, మేం విజయవాడ చేరేసరికి పదకొండయింది. హైమవతి లోపల ఉండాల్సింది. గేటు బయట టీ బడ్డీ దగ్గర బల్ల మీద కూర్చుని ఉంది. కారెక్కి తలుపు వేసుకుంది.

“నాలుగు నిమిషాలు” అంది.

తిరుగు దారిలో గుడివాడ వచ్చాక పుండరీకాక్షం నోరు విప్పాడు. “మన గ్రహాలు బాలేవు. లేకపోతే అంత కొత్త టైరు ఇలా చేస్తుందా? కంపెనీవాడు డూప్లికేటు రబ్బరు పెట్టుంటాడు.” తప్పు గ్రహాలది, కంపెనీది, నాది. కారులో ఇంకొకడున్నాడన్న సంగతి అతనికి తోచలేదు. మర్నాడు బండికి పెద్ద గుమ్మడికాయ దిష్టి తీసి నడివీధిలో పగలగొట్టాడు. నాకు మాత్రం గాలి కొట్టించలేదు.

వచ్చిన ఆదివారం హైమవతి, “మీరావలి దగ్గరికి పోనివ్వండి” అంది. అడగలేదు, చెప్పింది. షాపు ముందు తనే దిగి, తనే డిక్కీ తెరిచి నన్ను బయటికి లాగింది. చీర కుచ్చిళ్ళకి మసి అంటింది. చూసుకోలేదు.

“ఇదెందుకు పాడైందో చూడు మీరావలీ.”

మీరావలి గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచి చుట్టూ తిప్పాడు. ఒక్క బుడగ రాలేదు.

“పంచరేం లేదు టీచరు గారండీ. గాలి లేదు, అంతే. ఐదేళ్ళు కొట్టకపోతే ఎంత మంచి టైరైనా ఇంతే.”

“డూప్లికేటు రబ్బరు కాదూ?” అన్నాడు పుండరీకాక్షం కారులోంచి.

“కంపెనీదేనండీ.”

“ఇందాక గాలి కొట్టావే, ఎంతసేపు పట్టింది?” అని అడిగింది హైమవతి.

“నిమిషం పట్టలేదండీ.”

ఆవిడ బల్ల మీద కూర్చుంది. మీరావలికి పరీక్ష సంగతి తెలుసు, అతని కూతురు ఆవిడ బళ్ళోనే చదువుతోంది. మాట మార్చబోయి, నా పక్కలు చూపించి ఇంకా చెడగొట్టాడు. “ఇప్పుడు కొట్టినా లాభం లేదండీ. పగుళ్ళు చూడండి. నడిచినా నడవకపోయినా రబ్బరుకి వయసు దాటిపోద్ది.”

“అదేం మాటయ్యా, వెంట్రుకలు చూడు, కొత్తది” అన్నాడు పుండరీకాక్షం.

హైమవతి నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా మీరావలి తల ఎత్తలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, “వయసు దాటిందట. ఇక్కడే ఉంచెయ్” అంది.

అప్పటి నుంచి మీరావలి షాపు ముందు నేను పీటని. మీద అట్టముక్క వేశారు. గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు నా మీద కూర్చుని టీ తాగుతారు. నా వెంట్రుకలు వాళ్ళ ప్యాంట్లకి రాసుకుని ఆర్నెల్లలో అరిగిపోయాయి. మీరావలి ప్రతి ఒక్కరినీ అడుగుతాడు, స్టెప్నీకి కూడా కొట్టమంటారా అని. “వద్దులే, వాడలేదుగా” అంటారు. లాయర్లు అంటారు, డాక్టర్లు అంటారు, నా మీద కూర్చునే అంటారు.

నెలకోసారి మా కారు వస్తుంది. నలుగురికీ గాలి అయ్యాక హైమవతి దిగుతుంది, డిక్కీ తెరుస్తుంది, కొత్త ఐదోవాడిని బొటనవేలితో నొక్కి చూస్తుంది, మీరావలి గాలి కొట్టేదాకా పక్కనే నిలబడుతుంది. మొన్న పుండరీకాక్షం ఉండబట్టలేక తల బయట పెట్టాడు.

“పోయిన నెలేగా కొట్టించాం హైమా. మళ్ళీ ఎందుకు?”

“నిమిషమే కదండీ” అంది ఆవిడ.

పుండరీకాక్షం తల లోపలికి తీసుకున్నాడు. పసుపు గుడ్డ తీసి, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుచుకున్నాడు.