నా తరఫు మనిషి

లెక్కల టీచరుకు జబ్బు వస్తే నిద్ర పట్టేది కాదు, మాట ఆగేది కాదు. క్రితంసారి భర్త ఆమెను ఆసుపత్రిలో చేర్పించి, "మీ ఇష్టం డాక్టరుగారూ, ఏం చేసినా సరే" అని సంతకం పెట్టి ఆఫీసుకు వెళ్లిపోయాడు. వార్డులో ఆమె చేతులు రెండూ మంచానికి కట్టేశారు. ముక్కు దురద పెడితే గోకమని దారినపోయే వాళ్లను బతిమాలుకోవాల్సి వచ్చింది.

నయమయ్యాక ఆమె నేరుగా సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లింది. మళ్లీ మతి చెదిరితే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో తెలివిలో ఉండగానే రాసిపెట్టుకోవచ్చని, తన తరఫున మాట్లాడే మనిషిని కూడా తానే ఎంచుకోవచ్చని, చట్టం అందుకు ఒప్పుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది.

"కాకపోతే మీకిది అర్థమైందో లేదో నేను చూడాలి. కట్టెయ్యొద్దంటున్నారు. దానివల్ల నష్టమేమైనా ఉందా?"

"ఉంది. నేనెవర్నైనా కొట్టొచ్చు. మందు పనిచేసేదాకా ఎవరో ఒకరు నా పక్కన కూర్చోవాలి. అందుకే మా తోడికోడల్ని వెంటబెట్టుకొచ్చాను."

తోడికోడలు పక్క కుర్చీలోనే ఉంది. పై వాటాలో కాపురం. ఇద్దరూ ఒకే అత్తగారి తిట్లు పంచుకు తిన్నవాళ్లు.

"ఒసే, నీకు ఇబ్బందైతే ఇప్పుడే చెప్పు."

"ఛ, అవేం మాటలక్కా! నేనుండగా నీ మీద ఎవరు చెయ్యేస్తారో చూస్తా."

వానలు మొదలయ్యాక జబ్బు తిరగబెట్టింది. ఇంట్లో కుర్చీలన్నీ వీధిలోకి లాగి, వరసగా వేసి, గొంతు పోయేలా పాఠం చెప్పింది. అల్లరి చేస్తోందని ఒక కుర్చీని గోడ వైపు తిప్పి నిలబెట్టింది. వీధి వీధంతా నవ్వింది. భర్త నవ్వలేదు. ఆటో పిలిచాడు.

డాక్టరమ్మ ఆమె రాసిన మాటకే కట్టుబడింది. తోడికోడలు మంచం పక్కన కూర్చుని, బుజ్జగించి, బెదిరించి, ఎలాగో మాత్రలు మింగించేది. మెల్లగా టీచరుకు కాస్త కాస్త కునుకు పట్టసాగింది. అంతలో ఒకరోజు మాత్ర నోటి దగ్గరికి తెస్తే చేతిని విసిరికొట్టి, వార్డంతా వినేలా అరిచింది.

"గొడ్రాలివి, నీకేం పని! ఎవరికో ఒకరికి ఊడిగం చెయ్యకపోతే నీకు పొద్దుపోదు!"

కడుపు పోయినప్పుడల్లా తలుపు వేసుకుని, తోడికోడలు ఏడ్చింది ఈ అక్క ఒళ్లోనే.

"జబ్బు మాటమ్మా అది, పట్టించుకోకు" అంది నర్సు. తోడికోడలు ముఖం కడుక్కుని వచ్చింది కానీ, మంచం దగ్గరికి వెళ్లలేదు. వరండాలో ఉన్న బావగారి పక్కన నిలబడింది.

"ముందే చెప్పానా?" అన్నాడాయన. "బోర్డు ముందు నువ్వొక్క మాటంటే చాలు, అందరం ఒడ్డున పడతాం."

రోగి రాసుకున్నదాన్ని పక్కన పెట్టాలంటే మానసిక ఆరోగ్య బోర్డు ఒప్పుకోవాలి. భర్త అర్జీ పెట్టాడు. "ఆవిడ ఇలాంటి రోజు కోసమే రాసుకున్నారు. మందు పనిచేస్తోంది. ఇంకాస్త ఓపిక పట్టాలి" అంది డాక్టరమ్మ.

"పట్టేదెవరు?" అన్నాడు బోర్డు పెద్ద, రిటైరైన జడ్జి. తర్వాత తోడికోడలి వైపు తిరిగాడు. "ఆవిడకి ఇప్పుడు తెలివుంటే ఏమనేదమ్మా?"

తోడికోడలు కొంగు చివర మెలిపెడుతూ కూర్చుంది. "ఇంత ముదురుతుందని తెలిస్తే అలా రాసేది కాదండీ. కట్టెయ్యమనే అనేది."

బోర్డు ఆ మాటే నమ్మింది. ఆ సాయంత్రమే టీచరు చేతులు కట్టేశారు.

పిచ్చిలో ఏం గుర్తుంటుందిలే అనుకున్నారంతా. ఆమెకు అన్నీ గుర్తున్నాయి, తాను అన్న మాటతో సహా. నయమై ఇంటికి రాగానే మెట్లెక్కి పైకి వెళ్లి, తోడికోడలి చేతులు పట్టుకుంది. "అనకూడని మాట అన్నానే. నన్ను క్షమించు."

"పోనీలే అక్కా. జబ్బు మాట" అంది తోడికోడలు.

టీచరు కాసేపు అలాగే నిలబడింది, అవతలి వైపు నుంచి కూడా ఒక మాట వస్తుందేమోనని. రాలేదు. దిగి వచ్చేసింది.

తర్వాతి వారం డాక్టరమ్మతో అంది: "నా తరఫు మనిషిని మార్చాలి. మా ఆయన పేరు రాయండి."

డాక్టరమ్మ కలం ఆగింది. "ఆయనా? బాగా ఆలోచించే చెప్తున్నారా?"

"ఆలోచించానండీ. ఆసుపత్రివాళ్లు అడగ్గానే ఆయన సంతకం పెట్టేస్తాడు, నాకు ముందే తెలుసు. ఈసారి కట్టేస్తే, ఎవరో వచ్చి విప్పిస్తారని తలుపు వైపు చూస్తూ పడుండక్కర్లేదు."

డాక్టరమ్మ అడగాల్సినవన్నీ అడిగింది. అర్థమైందా, మంచీచెడూ బేరీజు వేసుకుందా, సొంతంగా నిర్ణయించుకుందా? అన్నింటికీ లెక్కల టీచరుకు నూటికి నూరు వచ్చాయి. తప్పు పట్టడానికి చట్టంలో చోటు లేదు. భర్త పేరు రాయక తప్పలేదు.

ఇంటికొచ్చేసరికి తోడికోడలు గేటు దగ్గరే ఎదురుపడింది.

"డాక్టరేమందక్కా?"

"బాగానే ఉందన్నారండీ" అంది టీచరు, దారి ఇస్తూ పక్కకు జరిగి. "మీరు వెళ్లండి, ఎక్కడికో బయల్దేరినట్టున్నారు."

ఈ ఇంటికి కోడలిగా వచ్చిననాటి నుంచి ఆమె నోట 'ఒసే' తప్ప వినని తోడికోడలు, ఎక్కడికి బయల్దేరిందో తనకే గుర్తురానట్టు అక్కడే నిలబడిపోయింది.