ముకాష్ పేరున

పొద్దుటి నుంచి నూట పది రొట్టెలు అమ్మినా ఉల్జాన్ చేతిలో ఒక్క సోము నోటు పడలేదు. ఓష్ బజారులో వచ్చిన ప్రతివాళ్ళూ బండికి అంటించిన క్యూఆర్ కాగితానికి ఫోను చూపించి, రొట్టె చంకన పెట్టుకుని పోతున్నారు. రొట్టె ముప్పై సోములు. ఆ ముప్పై వెళ్ళి, టాక్సీ నడిపే మొగుడు ముకాష్ ఫోనులో పడుతోంది. ఖాతా అతని పేరున ఉంది.

రెండు నెలల కిందట అతను ఆ కాగితం అంటించే దాకా నోట్లు ఆమె చేతికే వచ్చేవి. రోజూ ఇరవయ్యో ముప్పయ్యో తలగుడ్డ మడతలో దాచేది. ఆ దాపుడుతోనే కూతురికి బూట్లు కొంది, తన పన్ను పీకించుకుంది.

ఇప్పుడు రొమ్ములో గడ్డ. డాక్టరమ్మ పరీక్ష రాసిచ్చి నెలయింది. పద్దెనిమిది వందలవుతుంది. ముకాష్‌ని అడిగితే, "పిల్లకి పాలిచ్చినదానివి, ఉంటాయిలే, అదే కరుగుతుంది" అన్నాడు. మళ్ళీ అడిగితే టైర్లు మార్చాలన్నాడు. నిన్న స్నానం చేస్తుంటే గడ్డ ఇంకా పెద్దదై తగిలింది.

"ఆ కాగితం పీకెయ్యవే," అంది పక్కన క్యారెట్లు అమ్మే హవాఖాన్.

"పీకితే చంపుతాడక్కా."

"పీకకపోతే ఏం బతికిస్తున్నాడు?"

మధ్యాహ్నం హోటలు వంటవాడు తుర్గున్ గోనెసంచితో వచ్చాడు. "అరవై వెయ్యక్కా," అంటూ కాగితం వైపు ఫోను చాపాడు.

అరవై రొట్టెలు, పద్దెనిమిది వందలు. ఉల్జాన్ లెక్క వెయ్యలేదు. లెక్కే వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమె అరచెయ్యి కాగితం మీద పడింది.

"నోట్లివ్వు తమ్ముడూ."

"నిన్న దీనికేగా స్కాన్ కొట్టాను?"

"నిన్న కొట్టావు. ఇవాళ నోట్లు కావాలి."

తుర్గున్ గొణుక్కుంటూ బజారు మొగలో ఉన్న ఏటీఎం వైపు నడిచాడు.

అతను తిరిగొచ్చేలోపే ముకాష్ టాక్సీ వచ్చి ఆగింది. రోజూ ఈ వేళకి టీకి వస్తాడు. ఆమె చెయ్యి చూశాడు.

"కోడు చెడిందా?"

"లేదు."

"మరి చెయ్యి తియ్యి."

ఆమె తియ్యలేదు. హవాఖాన్ క్యారెట్లు తూచడం ఆపింది. తుర్గున్ నోట్లు మడిచి పట్టుకుని వచ్చి, ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ముకాష్ చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వవయ్యా."

నోట్లు మధ్యలో ఆగాయి.

"ఆ రొట్టెలు కాల్చింది నేను తమ్ముడూ," అంది ఉల్జాన్, మొగుడి వంక చూడకుండానే. కాగితం మీది చెయ్యి అలాగే ఉంచి, రెండో చెయ్యి చాపింది.