మా ఆవిడ చెప్పిన నది

మా ఆవిడ ఈ పాత రాజధానిలో గైడు. పదకొండేళ్లు ఒకటే దారి: రాతి వంతెన దగ్గర మొదలుపెట్టి, నది ఒడ్డునే కోట గోడ వెంట, పడవల రేవు దాకా. ఆమె పోయి మూడు నెలలు కావస్తోంది. మూడు నెలలు ఎవరూ నడిపించని దారిని గైడుల సంఘం ఇంకొకరికి ఇచ్చేస్తుంది. ఇంట్లోవాళ్లెవరైనా ఒకసారి నడిపించి మెప్పిస్తే వాళ్లకే ఉంచుతుంది. నేను బడిలో చరిత్ర చెబుతాను. ఈ దారి నాకు కావాలి. ఎందుకని బావమరిది అడిగితే, ఆదివారాలు ఊసుపోవడం లేదన్నాను.

పధ్నాలుగుమంది వచ్చారు. వెనకాల సంఘం పర్యవేక్షకురాలు, చేతిలో నోటుపుస్తకం. నేను ముందుగా అందరినీ ఎత్తు ప్రకారం ఇద్దరిద్దరుగా నిలబెట్టాను.

"బావా, ఆయన రిటైరైన జడ్జి," అని బావమరిది నా చెవిలో గొణిగాడు.

"పొడుగ్గా ఉన్నాడుగా. వెనకే నిలబడాలి."

వంతెన కట్టిన ఏడాది, కట్టినవారి వంశం, కమానుల సంఖ్య చెప్పాను. వెంటనే, "ఎన్ని కమానులు?" అని అడిగాను.

"నీలం టోపీ! నదివైపు కాదు, ఇటు చూడాలి."

నది చూడటానికే వచ్చిన ఆ మనిషి బిక్కమొహం వేశాడు. పర్యవేక్షకురాలు ఏదో రాసుకుంది.

కోట గోడ దగ్గర, ఈ నడకకు ఇదివరకు నాలుగుసార్లు వచ్చిన ఒక దర్జీ ఆవిడ చెయ్యెత్తింది.

"మాస్టారూ, ఆ పైన కిటికీ సంగతి చెప్పరేం? రాణిగారు అలిగి అందులోంచి రాజుగారి తలపాగా నదిలోకి విసిరేసిందని మేడంగారు చెప్పేవారు."

"అది కిటికీ కాదమ్మా. గోడ కట్టేటప్పుడు పరంజా కర్రలు దూర్చిన కంత. అందులో రాణిగారి తల పట్టదు."

"తల పట్టకపోతేనేం, తలపాగా పడుతుందిగా!"

అందరూ నవ్వారు. జడ్జిగారు కూడా.

"దాన్ని తేవడానికి దూకిన మంత్రికి ఈత రాదటండీ," అని ఆవిడ తన ఆడపడుచుకు చెబుతోంది. "మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి చచ్చిపోతున్నానని ఒకటే కేకలట!"

బావమరిది దగ్గాడు. నేను వాడివైపు చూశాను. వాడు నేల చూపులు చూశాడు.

పెళ్లైన కొత్తలో మా ఆవిడ అలిగి, బాల్కనీలోంచి కింద కాలవలోకి విసిరేసింది నా మఫ్లరు. దాని కోసం దిగి కేకలు పెట్టినవాడు వీడు. పదకొండేళ్లు మా ఇంటి సంగతి ఊరందరికీ చెప్పింది మా ఆవిడ. నాకు తప్ప.

"ఇంతకీ రాణిగారు ఎందుకు అలిగినట్టు?" అంది ఆడపడుచు.

"అది మేడంగారు ఎప్పుడూ చెప్పలేదు."

"నేను చెబుతాను," అన్నాను. "ఆవిడ చుట్టాలకు కథ చెబుతుంటే, రాజు మధ్యలో దూరి తేదీ తప్పన్నాడు."

"అయ్యో! నిజంగా తప్పేనా?"

"తప్పే. అయినా అనకూడదు."

పర్యవేక్షకురాలు తలెత్తింది. "ఇది ఏ గ్రంథంలో ఉందండీ?"

"ఎందులోనూ లేదు. నాకు తెలుసు."

"మరి రాజు క్షమాపణ అడిగాడా?" అంది ఆమే.

"అడుగుదామనుకుంటూనే ఉన్నాడండీ. ఆలస్యమైపోయింది."

ఆమె ఏదో రాసి, కొట్టేసి, పుస్తకం మూసింది.

"వచ్చే ఆదివారం నుంచి అడిగేశాడనే చెప్పండి మాస్టారూ. లేకపోతే జనం ఇక్కడే ఏడుస్తూ కూర్చుంటారు, రేవు దాకా రారు."