ప్లాటినం తాగిన ఇనుము

కరిగిన రాతిలోంచి ఇనుము ఎక్కడికి పోయినట్టు? ఇంటికి పోదామని ఎల్‌బీ నగర్ వెళ్లే రైలు కోసం దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్‌లో కూర్చున్న యోగేందర్ తనను తాను మళ్లీ అడిగాడు. జవాబు పొద్దున్నే తెలిసిపోయింది. నమ్మడానికే ఓపిక లేదు.

అగ్నిపర్వతపు రాతిపొడిని చిన్న ప్లాటినం గొట్టంలో మూసి, కొలిమిలో కరిగించి, ఆ ద్రవంలో ఇనుము ఎలా ప్రవర్తిస్తుందో కొలవడం అతని పరిశోధన. కొలిచినప్పుడల్లా ఇనుము తగ్గేది. ద్రవంలో పుట్టిన స్ఫటికాల్లోకి పోయి ఉంటుందని తేల్చి, సిద్ధాంతగ్రంథాన్నంతా దాని మీదే నిలబెట్టాడు. ఈ ఉదయం ఎందుకో ఒక గొట్టాన్ని అడ్డంగా కోసి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. ఇనుము గొట్టం గోడలో ఉంది. ద్రవంలోంచి దాన్ని ప్లాటినమే పీల్చుకుంది. గొట్టానికి ముందుగానే ఇనుము పట్టించి వాడాలని తెలియనివాడు కాదు. కొలిమిలో ఉండేది కాసేపే, అంతలో ఎంత పీలుస్తుందిలే అనుకున్నాడు.

గైడు జోగారావుకు ఫోన్ చేసి చెప్పాడు.

"ఏవయ్యా, రేపు సబ్మిషన్ పెట్టుకుని ఇవాళా గొట్టాలు కోసేది? పీటల మీద కూర్చున్నాక జాతకాలు చూసినట్టుంది! 'పరిమితులు' అని చివర్లో ఓ పేరా రాసెయ్. గోడలు కోసి చూసేదెవరు?"

"నేను చూసిన కద సార్."

అవతల నిట్టూర్పు. "మళ్లీ చెయ్యాలంటే రెండేళ్లు. ఆలోచించుకో."

భార్య సుజనకూ చెప్పాడు.

"రాళ్లు కరిగిస్తా అని పోయి మమ్ముల్ని కరగబెడ్తున్నవ్. డాక్టరేట్ ఉంటెనే కాలేజీల నౌకరీ అని నువ్వే అంటివి గద?"

"అన్న. ఏం జెయ్యమంటవ్ మరి?"

"నన్నడగకు. నేనైతే ఇచ్చెయ్యమనే అంట."

అతను ఫోన్ పెట్టేశాడు. ఆ పేరా రాస్తే అబద్ధమేమీ కాదు. నిజం చివరి పుటలో ఉంటుంది, తప్పు మిగిలిన పుటలన్నింటిలోనూ ఉంటుంది. ఎవరో ఎక్కడో ఈ అంకెలు చూసి, ఏదో పర్వతం కింద శిలాద్రవం ఎంత లోతులో ఉందో లెక్క కడతారు. ఎవరి మీదా కోపం రాలేదు. అలసట మాత్రం ఎముకల దాకా దిగింది.

ఎల్‌బీ నగర్ రైలు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. అతను ఎక్కలేదు. ఫోన్ తీసి గైడుకు సందేశం పంపాడు: "రేపు సబ్మిట్ చేస్తలేను సార్. గొట్టాలకు ఇనుము పట్టించి మళ్ల మొదలువెడ్త."

మెట్లు దిగి అవతలి వైపు ప్లాట్‌ఫామ్ ఎక్కాడు. ల్యాబ్ వైపు పోయే రైలు, మలక్‌పేట మీదుగా పోయేది, అప్పుడే ఆగింది. ఎక్కాడు.